చర్లకు ప్రమోషన్

భద్రాచలంలో నేను పనిచేసిన ఆఫీసు ఏ శాఖదో చెప్పను. చెరువుకు గండి పడితే పూడ్పించాల్సిన ఆఫీసు అనుకుంటే చాలు. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో అక్కడ జూనియర్ అసిస్టెంటుగా చేరాను. మా నాయిన కొత్తగూడెం పక్కన భూగర్భ గనిలో బొగ్గు నింపిన మనిషి. బిడ్డ ఫ్యాను కింద కూర్చుని పని చేస్తుందని కార్మికుల క్వార్టర్లన్నీ తిరిగి చెప్పుకున్నాడు. ఆ ఫ్యాను తిరగదని నేను చెప్పలేదు.

చేరిన కొత్తలో నాకొక గట్టి నమ్మకం ఉండేది. పరీక్షలు పాసై, ఫైళ్లు ఆలస్యం కాకుండా చూసుకుంటే సీనియర్ అసిస్టెంటు ప్రమోషన్ దానంతట అదే వచ్చి నా టేబులు మీద కూర్చుంటుందని. అకౌంట్ టెస్టుకు చంటిదాన్ని కాళ్ల మీద పడుకోబెట్టి ఊపుతూ చదివాను. మా పాప జోలపాట కంటే ముందు ట్రెజరీ నియమాలు విన్నది. మొదటిసారే పాసయ్యాను. ఆ రోజు ఆఫీసులో అందరికీ మిర్చి బజ్జీలు పెట్టాను. అందరూ తిని శెభాష్ అన్నారు. ఒక్కాయన మాత్రం బజ్జీ నూనెను కాగితానికి అద్దుతూ నా వైపు జాలిగా చూశాడు.

ఆయనా జూనియర్ అసిస్టెంటే. నా కంటే ఏడాది వెనక చేరాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు. ఆఫీసులో ఆయన్ని ప్రోటోకాల్ అనేవాళ్లు. భద్రాచలంలో సర్కారు కొలువంటే సగం కొలువు రాములవారి దగ్గరే. హైదరాబాదు నుంచీ ఖమ్మం నుంచీ అధికారులు కుటుంబాలతో దర్శనానికి వస్తూనే ఉంటారు. వాళ్లకు గది, దర్శనం, ప్రసాదం, గోదావరిలో లాంచీ షికారు ఎవరో ఒకరు చూడాలి. మా ఆఫీసు తరఫున ఆయన చూసేవాడు. ఏ సారు ఏ చేప తింటాడో, ఏ సారు అత్తగారికి మోకాళ్ల నొప్పులో, ఎవరి పిల్లవాడు జీపులో వాంతి చేసుకుంటాడో ఆయనకు నోటికి వచ్చు. ఆయన టేబులు మీది ఫైళ్లు మాత్రం భోజనం చేసి నిద్రపోయిన పెద్దమనుషుల్లా కదలకుండా పడి ఉండేవి.

బజ్జీలు అయిపోయాక నా దగ్గరికి వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"అక్కా, కోపం రాదంటే ఒక మాట జెప్త."

"చెప్పు."

"నువ్వు ఫైళ్లు బాగ నడిపిస్తవ్. గానీ ఫైలు నడిస్తే ఫైలు ముందటికి పోతది. మనం పోము."

నవ్వి ఊరుకున్నాను. అకౌంట్ టెస్టు అప్పటికి రెండుసార్లు తప్పిన మనిషి చెప్పే నీతిని ఎవరు లెక్కచేస్తారు?

ఆ తర్వాత ఏడాదికి మా ఆఫీసుకు కొత్త ఇంజనీరు సారు వచ్చాడు. కోస్తా వైపు మనిషి, మెత్తని మాట. ఆయన సంతకం పెట్టేవాడు గానీ, ఎక్కడ పెట్టాలో ఇంట్లో మేడమ్ చెప్పేదని అందరికీ తెలుసు. ఆ మేడమ్‌కు అడవి అంటే పిచ్చి నమ్మకం. అడవిలో దొరికేదంతా మందేనని ఆమె అభిప్రాయం. నాటుకోళ్లు, కుంకుడుకాయలు, ఇప్పపువ్వు, వెదురు కొమ్ములు, అన్నిటికంటే ముఖ్యం తేనె. మా ప్రోటోకాల్ నెలనెలా తేనె సీసాలు తెచ్చి ఇచ్చేవాడు. సీసా మూతికి మోదుగాకు చుట్టి నారతో కట్టి ఉండేది. "చర్ల అవతల కొండమీద, పొగబెట్టి తీసింది మేడమ్. తీసినోనికి మొకమంత వాసింది" అని వర్ణించేవాడు. ఆ వాపు విన్నాక మేడమ్‌కు తేనె మరింత తియ్యగా ఉండేది. ఆమె కొన్ని సీసాలు వాడుకుని, మిగతావి హైదరాబాదులో పెద్ద అధికారుల ఇళ్లకు పంపేది. సారుకు కూడా ప్రమోషన్ కావాలి కదా.

ఒక చలికాలం మేడమ్ పర్ణశాల చూడాలన్నది. ఆ రోజు ప్రోటోకాల్ ఇంకెవరినో తీసుకురావడానికి ఖమ్మం స్టేషనుకు పోయాడు. మా సూపరింటెండెంటు సారు నన్ను పిలిచాడు. ఆయన రిటైర్మెంటుకు దగ్గర పడిన పెద్దాయన, తమలపాకులు నములుతూ సామెతల్లో మాట్లాడేవాడు.

"నువ్వే పోవాలె అమ్మా. గిసొంటి అవకాశం మల్ల రాదు. జర నోరు అదుపుల పెట్టుకో."

పెళ్లికి కట్టుకున్న పట్టుచీర తీసి కట్టుకున్నాను. పర్ణశాల దాకా అంతా బాగానే సాగింది. కొబ్బరికాయలు మోశాను, గొడుగు పట్టాను. రాతి మీది రంగు చారలు సీతమ్మ చీర ఆరేసిన గుర్తులేనని మేడమ్ అంటే అవునన్నాను. నా పెళ్లిలో కూడా అన్నిసార్లు తల ఊపలేదు.

దర్శనమయ్యాక గోదావరి ఒడ్డున చాప పరిచి పులిహోర తిన్నాం. మేడమ్ నిమ్మకాయ నీళ్లలో తేనె కలుపుకునే అలవాటు ప్రకారం సంచిలోంచి సీసా తీసింది. తేనె కదలలేదు. సీసా తిరగేసింది. అడుగున గడ్డ గట్టిగా పట్టుకుని ఉంది.

"ఇదేంటమ్మా ఇలా ముద్దకట్టింది? మీ అడవి తేనె చలికి ఇలాగే అవుతుందా?"

నేను వేలికి కొంచెం అంటించుకుని నాలుక మీద వేసుకున్నాను. అరిసెల పాకం చూసి పెరిగిన నాలుక నాది.

"ఇది తేనె కాదు మేడమ్. బెల్లం పాకం."

అక్కడితో ఆగితే ఏమయ్యేదో. అభ్యంతరం తెలిపేటప్పుడు కారణాలు కూడా రాయాలని అకౌంట్ టెస్టులో చదివి ఉన్నాను.

"చక్కెర కూడా కలిపినట్టున్నారు మేడమ్. అడుగున గడ్డకట్టింది అదే. పాకం కూడా ముదిరింది."

మేడమ్ సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది. తర్వాత సీసాకు మూత పెట్టింది.

"ఈ మాట ఇంకెవరితోనైనా అన్నావా?"

"లేదు మేడమ్. ఇప్పుడే కదా తెలిసింది."

"అనకు."

తిరుగు ప్రయాణంలో జీపు వెనక సీట్లో కూర్చుని నేను మురిసిపోయాను. మేడమ్‌కూ నాకూ మధ్య ఒక రహస్యం ఉంది! ప్రోటోకాల్ పని అయిపోయిందనుకున్నాను. ఇంటికి పోయి మా ఆయనకు కూడా అదే చెప్పాను. ఆయన ప్రైవేటు బడిలో లెక్కల మాస్టారు. అంతా విని, "ఆ సీసాలు హైదరాబాదు దాకా పోయినయి గదా. ఇప్పుడామె అది బెల్లమని ఎట్ల ఒప్పుకుంటది?" అన్నాడు. నేను ఆ లెక్క వేయలేదు. పెద్ద పెద్ద ఇళ్లలో పొద్దున్నే పరగడుపున తాగుతున్న తేనె తేనెగానే ఉండాలి. అది తేనెగా ఉండాలంటే తెచ్చినవాడు నిజాయితీపరుడు కావాలి. వాడు నిజాయితీపరుడైతే ఇక నేనెవర్ని?

మార్చి నెల తర్వాత సూపరింటెండెంటు సారు నన్ను పక్కకు పిలిచాడు.

"నీ కాన్ఫిడెన్షియల్ రిపోర్టుల సారు సగటు అని ఏసిండట. పని చేస్తది గానీ మర్యాద తెల్వదు అని రాసిండట."

"ఏ మర్యాద సార్?"

"అది రాయలే."

ఆ ఏడాది ప్రమోషన్ల జాబితాలో నా పేరు పక్కకు పోయి ప్రోటోకాల్ పేరు పైకి వచ్చింది. అప్పటికి ఆయన అకౌంట్ టెస్టు ఎలాగో గట్టెక్కాడు. "ముందొచ్చిన చెవుల కన్నా ఎనకొచ్చిన కొమ్ములు వాడి, ఏం జేస్తం" అని సూపరింటెండెంటు సారు తమలపాకు మడిచాడు. ప్రోటోకాల్‌కు అదే ఆఫీసులో, నా ఎదురుగానే పోస్టింగు ఇచ్చారు. మొదటి రోజు ఆయన నన్ను ఎంతో ఆప్యాయంగా పిలిచాడు.

"అక్కా, ఈ నోటు ఎట్ల పెట్టాలె? జర చెప్పవా?"

చెప్పాను. చెప్పక ఏం చేస్తాను? నేను రాసిచ్చిన దాని కింద ఆయన సంతకం చేశాడు. సంతకం మాత్రం చాలా అందంగా ఉంది.

ఆ ఆదివారం పాపను తీసుకుని నాయిన దగ్గరికి పోయాను. అప్పటికి ఆయన గని పని నుంచి దిగిపోయి ఇంటిపట్టున ఉంటున్నాడు. జరిగిందంతా చెప్పాను. ఆయన మంచం మీద బాసింపట్టు వేసుకుని విన్నాడు.

"మా కాడ మందిని నడిపే సర్దార్ ప్రమోషన్ కావాలంటే పరీక్ష ఉంటది బిడ్డా. కట్టెతోని పైకప్పు తట్టి సప్పుడు ఇనాలె. గట్టిగ మోగితే లోపటికి పోవాలె. డొల్లగ మోగితే మందిని ఎన్కకు పిలవాలె. మరి మీ కాడ ఏం తట్టి సూస్తరు?"

"మా కాడ సారు ఇంటి తలుపు తట్టాలె నాయినా."

ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు. వంటింట్లోంచి అమ్మ గొంతు వినబడింది.

"మరి నువ్వెందుకు గాలే సర్దార్‌వి? అది గూడ జెప్పు బిడ్డకు."

నాయిన నవ్వు ఆగింది. "మేనేజర్ బర్రెకు గడ్డి కోసినోడు అయిండు" అన్నాడు.

"బర్రె పాలు మంచిగిచ్చిందా?" అని అడిగాను.

"అవ్, ఇచ్చింది. పైకప్పు సప్పుడే ఆనికి ఇనరాలే."

ఈసారి అందరికంటే గట్టిగా అమ్మ నవ్వింది. నా కడుపు మంట కొంత తగ్గింది. మా వంశంలోనే లేని విద్య నాకు మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది!

ప్రోటోకాల్ ప్రమోషన్ అయ్యాక ఏడాది తిరిగేసరికి చర్లలో మా శాఖ చిన్నాఫీసుకు సీనియర్ అసిస్టెంటు పోస్టు ఖాళీ అయింది. చర్ల అంటే ఛత్తీస్‌గఢ్ అంచున అడవి, పోలీసు క్యాంపులు, వానాకాలం బురదలో కనబడని రోడ్డు. జాబితాలో నా కంటే పైనున్న వాళ్లకు వరుసగా ఉత్తర్వులు వచ్చాయి. అప్పటిదాకా ప్రమోషన్ రాలేదని టీకొట్టు దగ్గర వ్యవస్థను తిట్టిన వాళ్లందరూ ఒక్కసారిగా జబ్బు పడ్డారు. ఒకాయనకు బీపీ పెరిగింది. ఇంకొకాయన నడుము పట్టేసింది. మూడో ఆయన తనకేమీ లేకపోవడంతో భార్య గర్భసంచిని అడ్డం పెట్టాడు. సర్టిఫికెట్లన్నీ ఒకే డాక్టరువి. ప్రమోషన్ వద్దని అందరూ రాసిచ్చాక ఉత్తర్వు దొర్లుకుంటూ నా దగ్గరికి వచ్చింది. నేను ఇన్నేళ్లు కలగన్న ప్రమోషన్ ఇలా, అందరూ కంచంలోంచి తీసి పక్కన పెట్టిన కరివేపాకులా వచ్చింది.

"వద్దని రాసియ్యి అమ్మా. ఆడిపిల్లవు, చర్లకు ఏం పోతవ్?" అన్నాడు సూపరింటెండెంటు సారు.

ఆ పక్కనే ప్రోటోకాల్ ఉన్నాడు. "అవ్ అక్కా, రాసియ్యి. సారుకు నేను జెప్త. ఒక్క ఏడాది ఓపిక పట్టు, ఈడనే ఇప్పిస్త."

అప్పటిదాకా నేను నిజంగానే ఊగిసలాడుతున్నాను. ఆ "ఇప్పిస్త" అన్న మాటతో మనసు కుదుటపడింది. చేరుతున్నానని అక్కడే నిలబడి రాసిచ్చాను. ఇంట్లో మా ఆయన, "పాపను నేను చూస్త. మీ అమ్మకు మాత్రం నువ్వే చెప్పుకో" అన్నాడు. అమ్మ రెండు వారాలు నాతో మాట్లాడలేదు.

పొద్దున మొదటి బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు తిరిగిరావాలి. చేరిన రోజే క్యాంపు దగ్గర బస్సు ఆపి సంచులు వెతికారు. నా సంచిలో టిఫిన్ డబ్బా, ఉత్తర్వు కాగితం ఉన్నాయి.

"యాడికమ్మా?" అన్నాడు కానిస్టేబులు.

"చర్ల ఆఫీసుకు. ప్రమోషన్ మీద పోతున్న."

ఆయన నన్నూ కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు. "ఏం తప్పు జేసినవ్?"

"ఏం జేయలే. ప్రమోషన్ అని చెప్తున్న గదా. మీరేం జేసిన్రు?"

"నేనా? మా ఎస్సై సారు బామ్మర్ది బండి ఆపి కాయిదాలు అడిగిన" అని ఆయన టిఫిన్ డబ్బా జాగ్రత్తగా సంచిలో పెట్టి ఇచ్చాడు.

చర్లలో పనిచేసే వాళ్లు ఒకరినొకరు ముందు ఊరు అడుగుతారు, తర్వాత తప్పు అడుగుతారు. దవాఖానాలో నర్సమ్మ, డాక్టరు ఎప్పుడు వస్తాడని కలెక్టరు ముందు అడిగినందుకు వచ్చింది. కరెంటు లైన్‌మ్యాన్ ఒక నాయకుడి రైసుమిల్లు వైరు కోసినందుకు వచ్చాడు. నేను బెల్లం పాకం సంగతి చెప్పాను. ఆ కథకు అక్కడ మంచి పేరొచ్చింది. కొత్తవాళ్లు ఎవరు చేరినా లైన్‌మ్యాన్ వాళ్లను నా దగ్గరికి తెచ్చి, "మేడమ్, జర ఆ తేనె ముచ్చట చెప్పుండ్రి" అనేవాడు.

ఆఫీసంటే రెండు గదులు. అక్కడి ఇంజనీరు భద్రాచలంలో కాపురముండేవాడు. కాబట్టి ఆఫీసు పెద్ద నేను, సిబ్బంది ఒక్క అటెండరు. అతను ఆ చుట్టుపక్కల కోయగూడెం మనిషే. జనం వాళ్ల భాషలో చెప్పింది నాకు తెలుగులో చెప్పేవాడు, నేను తెలుగులో చెప్పింది వాళ్లకు ఇంకెలా చెప్పేవాడో నాకు తెలియదు. అడవి లోపలి గూడెం నుంచి ఒక ముసలాయన ప్రతి సంత రోజూ వచ్చేవాడు. వాళ్ల ఊరి కుంట కట్ట తెగి మూడు వానాకాలాలయింది. నీళ్లు నిలవడం లేదు. నేను ఫైలు తయారుచేసి భద్రాచలం పంపేదాన్ని. అది ప్రోటోకాల్ టేబులు మీదికి పోయి నిద్రపోయేది.

అలా ఉండగా హైదరాబాదు నుంచి పెద్ద సారు చర్ల ఆఫీసు తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. వెంటనే ప్రోటోకాల్ ఫోను.

"అక్కా, నాటుకోడి పులుసు కారం తక్కువ. గోదావరి చేప ముళ్లు లేకుంట. పెరుగు పుల్లగ ఉండొద్దు. నీళ్లు సీల్ సీసాలే."

"రిజిస్టర్లు?"

"అవి గూడ పెట్టు, ఉంటే."

మొదట పళ్లు కొరుక్కున్నాను. తర్వాత ఏం పూనిందో నాకు! నర్సమ్మ ఇంటి నుంచి దుప్పటి తెచ్చి కిటికీకి పరదా కట్టించాను. స్టీలు కంచాలు అరువు తెచ్చాను. పులుసులో ఉప్పు నేనే రెండుసార్లు చూశాను. పెద్ద సారుకు చేప పేరు, అది దొరికిన రేవు పేరు ఎలా చెప్పాలో మనసులో వల్లె వేసుకున్నాను కూడా. తొలి మోదుగాకు కట్టిన నాడు ప్రోటోకాల్ గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో ఆ పొద్దు నాకు తెలిసింది. కుంట ఫైలు మాత్రం అన్నిటికీ పైన పెట్టాను.

మధ్యాహ్నం దాకా చూశాం. పంచలో అర్జీల వాళ్లు, ముసలాయనతో సహా, పొద్దున్నుంచీ కూర్చునే ఉన్నారు. అప్పుడు ఫోను మోగింది.

"అక్కా, సారు రాడు. రోడ్డు మంచిగ లేదు, ముందటికి పోవద్దని పోలీసోళ్లు అన్నరట. దుమ్ముగూడెం కాన్నుంచి ఎన్కకు తిరిగిన్రు. తనిఖీ ఈడ గెస్ట్ హౌసులనే అయిపోయింది."

"మా ఆఫీసు తనిఖీ మీ గెస్ట్ హౌసులనా? మరి రిజిస్టర్లు?"

"చూసినట్టే రాసుకుండు. నువ్వేం ఫికర్ జేయకు."

"భోజనం?"

"ఈడ గూడ వండించి పెట్టిన. ఎందుకైనా మంచిదని."

ఫోను పెట్టేసి పంచలోకి వచ్చాను. కంచాలు పరచమని అటెండరుకు చెప్పాను. నర్సమ్మనూ లైన్‌మ్యాన్‌నూ పిలిపించాం. అర్జీలు పట్టుకుని కూర్చున్న అందరికీ, అర్జీ లేకుండా నీడకు కూర్చున్న వాళ్లకు కూడా వడ్డించాం. ముసలాయన కోడిముక్కను పైకెత్తి చూసి అటెండరును అడిగాడు.

"ఎవరి పెండ్లి?"

"పెండ్లి గాదు తాతా. ఇన్‌స్పెక్షన్."

ముసలాయన ఆ మాటను రెండుసార్లు నోట్లో తిప్పుకున్నాడు. పెరుగు దాకా తిని చెయ్యి కడుక్కున్నాడు.

ఆ ఏడు నా రిపోర్టులో "చాలా బాగు" అని పడింది. నా ఉద్యోగంలో నాకొచ్చిన మొదటి గొప్ప మాట, ఎవరూ చూడని రోజుకు వచ్చింది. ప్రోటోకాల్ ఫోన్ చేసి, సారుకు తనే చెప్పానన్నాడు. అబద్ధమని అనుకోను. తర్వాత ఆయన సూపరింటెండెంటై ఖమ్మం పోయాడు. పంద్రాగస్టు నాడు ఉత్తమ ఉద్యోగిగా శాలువా కూడా కప్పారు. ఆ ఫోటో పేపర్లో చూశాను, బాగా పడ్డాడు.

ఆయన పోయాక ఆ టేబులు మీద కూర్చున్నతను కుంట ఫైలు లేపాడు. లేపి, ఎవరైనా పోయి చూశారా అని ప్రశ్న రాసి నాకు తిప్పి పంపాడు. ఇంజనీరు ఆ రోడ్డున రానన్నాడు. నువ్వే చూసి రాయి, నేను సంతకం పెడతానన్నాడు. అటెండరును వెంటబెట్టుకుని, కొంత దూరం లైన్‌మ్యాన్ బండి మీద, మిగతాది నడిచి ఆ గూడెం చేరాను. ముసలాయన ఎదురొచ్చాడు. ఇంటి ముందు చాప వేసి ఉంది. పొయ్యి మీద కోడి ఉడుకుతున్నది. చూస్తే అది వాళ్లింట్లో ఉన్న ఒకే ఒక్క కోడిలా ఉంది. బుట్ట ఖాళీగా బోర్లించి ఉంది.

"ఇదెందుకు తాతా? ముందు కట్ట చూద్దాం పా" అన్నాను.

ఆయన కదల్లేదు. నాకు తెలియని సంగతేదో నచ్చజెప్పినట్టు, మెల్లగా తెలుగులోనే చెప్పాడు.

"ముందు తినాలె మేడమ్. గప్పుడే మంచిగ రాస్తరు."

నా పక్కన అటెండరు తలదించుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. నేను చాప మీద కూర్చున్నాను. పులుసులో కారం ఎక్కువే వేశారు. కన్నీళ్లు తుడుచుకుంటూ మొత్తం తిన్నాను. చెయ్యి కడుక్కుని పోయి కట్ట తెగిన చోటు చూసి, కొలతలు పట్టి, ముసలాయన కోరినంత గట్టిగా రాశాను. తర్వాతి వానలకు ముందు సగం కట్ట పోశారు. మిగతా సగానికి ఇంకో ఇన్‌స్పెక్షన్ కావాలన్నారు.